స్టాక్ (కంపెనీ ఇచ్చిన) గేరింగ్ ఉన్న మారుతి జిమ్నీకి ఎంత పెద్ద టైరు దాకా వెళ్లొచ్చు?

ప్రశ్న: ఐదు డోర్ల జిమ్నీ, 5 గేర్ల మాన్యువల్. కంపెనీ టైరు 195/80 ఆర్15 (వెడల్పు 195 మి.మీ., అందులో 80 శాతం సైడ్‌వాల్ ఎత్తు, రిమ్ము 15 అంగుళాలు). ఘాట్ రోడ్లు, బురద దారులే ఎక్కువ. గేరింగ్ ముట్టుకోకుండా, లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) లేకుండా 235/75 ఆర్15 వేయొచ్చా అన్నా?

జవాబు: ముందు లెక్క చూడండి. 195/80 వ్యాసం 693 మి.మీ., 235/75ది 733.5. చక్రం దగ్గర లాగుడు సుమారు 5.5 శాతం పడిపోతుంది, 4ఎల్‌ (ఫోర్ వీల్ డ్రైవ్ లో రేంజ్ గేరు)లో కూడా. తక్కువే అనిపిస్తుంది గానీ ఇంజిన్ టార్కే 134 న్యూటన్ మీటర్లు, పైగా టైరు బరువు అదనం. ఘాట్‌లో మూడో గేరులో ఎక్కేచోట రెండుకి దించాలి. ఎత్తులో బండి కదిలించడానికి హాఫ్ క్లచ్ ఎక్కువై ప్లేటు త్వరగా అరుగుతుంది. ఇంతా చేస్తే డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె) కింద అదనంగా దక్కే ఎత్తు 20 మి.మీ.

జవాబు: రిమ్ము సంగతి కూడా ఉంది. స్టాక్ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, 235కి కనీసం 6 కావాలి. ఇరుకైతే ట్రెడ్ మధ్యలో ఉబ్బి అక్కడే అరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకునే అవకాశమూ ఉంది. 215/75 ఆర్15 ఏటీ (ఆల్ టెర్రైన్, అంటే అన్ని దారులకూ పనికొచ్చే టైరు) వేయండి: 703.5 మి.మీ., తేడా 1.5 శాతమే, ఆ రిమ్ముకే సరిపోతుంది. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు తెలిపే అంకె) మాత్రం పాతదానికన్నా తగ్గకూడదు.

ప్రశ్న: మరి బురదలో పట్టు?

జవాబు: అక్కడ సైజు కన్నా ట్రెడ్డు, గాలి ముఖ్యం. 18 పీఎస్‌ఐకి దించి నిదానంగా పోండి. తారు రోడ్డు ఎక్కేముందే మళ్లీ నింపాలి, లేదంటే సైడ్‌వాల్ వేడెక్కి పాడవుతుంది. చిన్న కంప్రెసర్ బండిలోనే ఉంచండి.