‘ఒట్టి మనిషి కాదు’: మీ వైపు ఎలా అంటారు?

"అది ఒట్టి మనిషి కాదు, ఆ బిందె నువ్వెత్తు." కడుపుతో ఉన్న కోడలి గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు ఇలాగే అంటారు. కడుపు మాట ఎత్తకుండానే సంగతి చెప్పేస్తుంది. ఇంకెక్కడ ఎలా అంటారు?

జవాబు:
మా వైపు ‘ఉత్త మనిషి కాదు’. బిందె ఎత్తనివ్వని అదే నోరు కంచం దగ్గర మాత్రం "ఎక్కువ తినకు, బిడ్డ లావైతే కాన్పు కష్టం" అంటుంది. ఆస్పత్రి అందుబాటులో లేని రోజుల భయం అది, అర్థం చేసుకోగలను. కానీ నష్టం పెద్దది. 1944–45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్ పడమటి ఊళ్లకు తిండి రావడం ఆగిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రోజు రేషన్ వెయ్యి కేలరీల లోపుకి పడిపోయింది. అప్పుడు తల్లుల కడుపులో ఉన్నవాళ్లను యాభై ఏళ్ల వయసులో పరీక్షించారు. చివరి నెలల్లో కరువు తగిలినవాళ్లు తక్కువ బరువుతో పుట్టారు, పెద్దయ్యాక ఒంట్లో చక్కెర అదుపు తగ్గింది. మొదటి నెలల్లో తగిలినవాళ్లు మామూలు బరువుతోనే పుట్టారు. గుండెజబ్బు మాత్రం వీళ్లలోనే ఎక్కువ. వీళ్లలో ఆడవాళ్ల మరణాలు కూడా ఎక్కువే. మనం ‘నెల తప్పింది’ అని గుట్టుగా ఉంచే రోజులవి. ఇంకా ఎవరూ ‘ఒట్టి మనిషి కాదు’ అనని రోజులు.

ఇంకొకరు:
మాకు మూడో నెల. వేవిళ్లతో ఏమీ నిలవడం లేదండీ. ఇది చదివితే టెన్షన్ వస్తోంది.

జవాబు:
టెన్షన్ పడకండమ్మా. అక్కడ జరిగింది నెలల తరబడి ఆకలి. వాళ్లలోనూ అందరికీ జబ్బు రాలేదు, ముప్పు పెరిగిందంతే. కొంచెం కొంచెంగా, నిలిచింది తినండి. నీళ్లు కూడా నిలవకపోతే వెంటనే డాక్టరుకి చూపించండి.

మన దగ్గరి సంగతి ఒకటి చెప్తాను. 1987–90లో హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు రోజూ సుమారు 500 కేలరీల ఉప్మా పెట్టారు. పక్క పల్లెల్లో ఆ పథకం ఇంకా రాలేదు. పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక రెండు వైపులా కొలిచి చూశారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్ వాళ్లలో బాగా పనిచేస్తోంది, రక్తనాళాలూ అంత బిరుసెక్కలేదు. పుట్టాక ఆరేళ్ల లోపు పిల్లలకూ పెట్టారు కాబట్టి ఫలితమంతా కడుపులో ఉన్నప్పటి తిండిదే అనలేం. అయినా మా ఇంట్లో ఎవరైనా కోడలి కంచంలో అన్నం తగ్గిస్తే నేను ఎత్తేది ఈ ఉప్మా ఊసే.