ముందే నిజం చెప్పి మేనత్తను రమ్మనాలా? పెదనాన్నకు టైం లేదు

మా పెదనాన్నకు లివర్ క్యాన్సర్, నాలుగో స్టేజ్. ఇక వారాలే అన్నారు డాక్టరు, ఇంటికి తెచ్చేశాం. నాలుగు గంటలకోసారి మార్ఫిన్. మధ్యాహ్నానికి మగత కమ్మేస్తుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య మాత్రం తెలివిగా మాట్లాడతారు.

అలాంటప్పుడే నా మణికట్టు పట్టుకుని చెప్పారు. 1988లో, బ్యాంకు లోను కాగితాలని నమ్మించి, మేనత్త చేత హక్కు విడుదల దస్తావేజు (ఆస్తిలో తన వాటా వదులుకున్నట్టు రాసే కాగితం) మీద వేలిముద్ర వేయించారట. అప్పటికి ఆమెకు పెళ్లి కాలేదు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన, హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం, పెళ్లికాని ఆడపిల్లగా ఉమ్మడి ఆస్తిలో ఆమెకూ సమాన వాటా ఉంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీయించాను. నిజమే. ఆ వేలిముద్ర చూశాక నాకు అన్నం సయించలేదు. ఇన్నేళ్లూ ఇంట్లో అందరూ "దానికి పొగరు, అందుకే రాదు" అనేవాళ్లు.

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తోంది. వాళ్లబ్బాయికి వాట్సాప్‌లో పెదనాన్న ఫొటో పంపాను, చూశాడు, జవాబు లేదు. ఊరి పెద్దతో కబురంపితే "పోయాక చెప్పండి" అందట.

పొలం ఆమెకు ఇచ్చేయడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ పెదనాన్న "నువ్వు చెప్పకు, నా నోటితో నేనే చెప్పుకుంటాను" అంటున్నారు. చెప్పకపోతే ఆమె రాదేమో, చెబితే అసలే రాదేమో అని టెన్షన్.

ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు చెప్పండి: ఆయన మాట కాదని దస్తావేజు సంగతి అత్తకు ముందే చెప్పేయనా, వద్దా?