ఫీ తా ఖోన్ ముసుగు: కొబ్బరి మట్ట మీద రంగు నిలవడం లేదు

థాయిలాండ్ లోయి ప్రాంతంలోని దాన్ సాయిలో జరిగే బున్ లువాంగ్ పండుగ కోసం ఫీ తా ఖోన్ అనే దయ్యం వేషపు ముసుగు చేస్తున్నాను. పైన టోపీకి జిగురు బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించే వెదురు బుట్ట, ముఖానికి కొబ్బరి మట్ట మొదలు భాగం, ముక్కుకి మెత్తని కర్ర. బుట్టతో ఏ ఇబ్బందీ లేదు, తంటా అంతా మట్టతోనే.

మొదటిసారి పచ్చి మట్టను ఒక రాత్రి నానబెట్టి, వంచి, కళ్ళూ నోరూ కోసి, బుట్టకి దారంతో కుట్టాను. నీడలో 3 రోజులు బాగానే ఉంది. నాలుగో రోజుకి అంచులు ముడుచుకుపోయి కుట్లు తెగాయి. రెండోసారి బరువు కింద 5 రోజులు ఆరబెట్టాకే కుట్టాను. ఆకారం నిలిచింది. కానీ అక్రిలిక్ రంగు 2 పూతలు వేస్తే, కళ్ళ చుట్టూ, నోటి అంచున వారంలోనే పొలుసుల్లా లేచింది. నున్నటి వైపే బయటికి ఉంది. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వేసినా అదే తీరు.

బుద్ధుడి పూర్వజన్మ కథ అయిన వెస్సంతర జాతకం చదివి వినిపించే పండుగ ఇది. రంగు రాలే ముసుగుతో ఊరేగింపులోకి వెళ్ళడానికి నాకు మనసొప్పడం లేదు.

కొబ్బరి మట్ట మీద అక్రిలిక్ పట్టుకోవాలంటే ముందుగా ఏ పూత వేయాలి?