ఏడో తరగతి పిల్లలకు గంజాయి గురించి పాఠం చెప్పాలా, వద్దా?

కొబ్బరాకు:
మాది కాకినాడ దగ్గర. పాప 7వ తరగతి. జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం అని బడిలో ఒక గంటసేపు స్లైడ్లు వేసి చూపించారట. రాత్రి అన్నం తింటూ, "అమ్మా, ఒకరకం డ్రగ్ స్టాంపులా ఉంటుందట, నాలుక మీద పెట్టుకుంటారట, నీకు తెలుసా?" అంది. నలభై ఏళ్లొచ్చినా నాకే తెలీదు. పన్నెండేళ్ల పిల్లకి ఇదంతా ఎందుకండీ? లేని ఆలోచన మనమే పుట్టిస్తున్నట్టు కాదా?

చాక్‌పీసు మాస్టారు:
అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. లేని ఆలోచన అన్నారు. అది మీ ఇంట్లో లేదేమో గానీ, మా ఎనిమిదో తరగతిలో నాన్న పంపితే బెల్టుషాపుకి వెళ్లి క్వార్టర్ తెచ్చే పిల్లలు నాకు తెలిసి నలుగురున్నారు. ఏ బ్రాండు ఎంతో, చిల్లర ఎంత తిరిగి రావాలో నోటికి చెబుతారు. పిల్లల చేతికి మందో సిగరెట్టో ఇస్తే ఏడేళ్ల దాకా జైలని 2015 నాటి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ చెబుతుంది. షాపువాడి మీద కేసు పెడితే రేపు ఆ పిల్లాడి నాన్న నా ఇంటి ముందుంటాడు.

స్లైడ్ల విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. పోయినేడు ఒక అధికారి వచ్చి గంజాయి పొట్లం ఫొటో చూపించారు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "సార్, అది ఎంతుంటది?" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. ఆయన ఠక్కున రేటు చెప్పేశారు!

డాలస్ బాబాయ్:
అమెరికావాళ్లు ఈ ముచ్చట ఎప్పుడో తీర్చుకున్నారు. 1983లో లాస్ ఏంజెలస్ పోలీసులు డేర్ అని మొదలుపెట్టారు. యూనిఫాం వేసుకున్న పోలీసే క్లాసుకొచ్చి పాఠం చెప్పడం, టీషర్టులు పంచడం, ప్రమాణం చేయించడం. దేశమంతా పాకింది. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, ఆ పాఠం విన్న పిల్లలకీ విననివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. చివరికి 2009లో మిడిల్ స్కూల్ సిలబస్ మార్చుకుని, భయపెట్టడం తగ్గించి, స్నేహితుడు బలవంతం చేస్తే ఎలా తప్పించుకోవాలో నేర్పడం మీద పడ్డారు. మనం ఇప్పుడు వాళ్ల 1983 దగ్గర నిలబడ్డాం.

పాలమూరు పోరడు:
డ్రగ్స్ అంటే అందరికీ పబ్బులే గుర్తొస్తాయన్నా. మా దిక్కు కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలుపుతరు. రెండ్రోజులు కల్లు బందైతే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి దవాఖానల పడే పెద్దమనుషులను చూసినం. పండుగ పూట ఆ కల్లే పిల్లల నోట్ల రెండు చుక్కలు పోస్తరు. ఏ స్లైడుల ఉన్నదిది?

కొబ్బరాకు:
సరే మాస్టారూ, స్లైడ్లు వద్దంటారు. మరి ఏం చెబుతారు?

చాక్‌పీసు మాస్టారు:
నాటకం వేయిస్తా. ఒకడు సీనియర్, ఇంకోడు జూనియర్. "ఒక్క దమ్ము లాగరా, మగాడివి కాదా" అని వాడు, కుదరదని వీడు. మొదటిసారి జూనియర్లంతా తల దించుకున్నారు, మాట పెగల్లేదు. మూడో వారానికి ఒకడు, "నోరు వాసనొస్తే మా అమ్మ చెప్పు తీస్తుంది, నువ్వొచ్చి తింటావా దెబ్బలు?" అన్నాడు. అప్పట్నుంచి క్లాసులో అందరిదీ అదే డైలాగు. నాకు కావలసింది అదే, నోట్లో సిద్ధంగా ఒక మాట ఉండాలి.

పదార్థాల పేర్లు నేనుగా ఎత్తను, ఒక్క పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ తప్ప. ఎయిమ్స్ వాళ్లు కేంద్రం కోసం చేసి 2019లో ఇచ్చిన సర్వేలో, పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువగా కనపడింది ఈ పీల్చే రకం ఒక్కటే. జామెట్రీ బాక్సులో పట్టేదాన్ని వదిలేసి కొకైన్ గురించి గంటసేపు చెప్తే ఏం లాభం?

నెల్లూరు రొయ్య:
పాఠంతో ఏమవుతుందనే వాళ్లకి మా దూబగుంట గుర్తు చేస్తున్నా. 1992లో రాత్రిబడిలో సారా గురించి చదువుకున్న ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. మరుసటేడు రాష్ట్రమంతా సారా బంద్.

పాలమూరు పోరడు:
వాళ్లు పెద్దోళ్లన్నా, దెబ్బలు తిన్నోళ్లు. పన్నెండేండ్ల పోరడు దుకాణం మూపిస్తడా? అయినా ఆ తర్వాత తెచ్చిన సంపూర్ణ నిషేధం 1997లనే సడలించిరి కదా.

నెల్లూరు రొయ్య:
మూయించాల్సింది పిల్లలని ఎవరన్నారు? బడికి 100 గజాల లోపల సిగరెట్లు అమ్మకూడదని 2003 నుంచీ చట్టముంది. మాస్టారూ, మీ గేటు నుంచి పాన్‌డబ్బా ఎన్ని అడుగులు?

చాక్‌పీసు మాస్టారు:
నలభై. పిల్లలకి పెన్నులు, వైట్‌నర్లు కూడా అక్కడే.

కొబ్బరాకు:
ఇదంతా చదివాక ఒకటి గమనించాను. ఆదివారం మా ఆయన సోఫాలోంచి లేవకుండా, ఫ్రిజ్‌లోంచి బీరు తెమ్మని పాపనే పంపుతారు. ఇన్నేళ్లూ నాకది తప్పనిపించలేదు. నిన్న వద్దన్నాను. కాసేపు గొణిగి, ఆయనే లేచి తెచ్చుకున్నారు.

పాలమూరు పోరడు:
తాగుడైతే బంద్ కాలే కదా మేడమ్?

కొబ్బరాకు:
లేదండీ.