మినిట్‌మెన్ ఆల్బమ్‌లను ఏ వరుసలో వినాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. వేగంగా, సూటిగా సాగే పంక్ రాక్ వాయించే రమోన్స్, డెడ్ కెన్నెడీస్ వంటి అమెరికన్ బృందాలను ఎంతో ఇష్టంగా వింటూ వచ్చిన నేను ఈమధ్య కాలిఫోర్నియాకు చెందిన మినిట్‌మెన్ వైపు మళ్ళాను. అందరూ మెచ్చుకునే "డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్" ఆల్బమ్‌ను పూర్తిగా విన్నప్పటికీ అది నాకు కొరుకుడుపడలేదు. పాట అందుకునేలోపే ముగిసిపోతోంది. ఒకచోట ఫంక్, మరొకచోట జాజ్, ఇంకొకచోట జానపద బాణీ వినిపిస్తున్నాయి. దీనిని పంక్ అని ఎందుకు అంటున్నారు? పాటలు ఇంత చిన్నవిగా ఉండడానికి కారణం ఏమిటి? ఏ ఆల్బమ్‌తో మొదలుపెడితే ఈ బృందం అర్థమవుతుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:

మీరు విన్నది వారి ఉత్తమ ఆల్బమే, కాని దానికి ముందున్న నాలుగేళ్ళ ప్రయాణం తెలిస్తే అది ఇంకా బాగా అందుతుంది. గిటారు వాయిస్తూ పాడే డి. బూన్, బేస్ వాయించే మైక్ వాట్ లాస్ ఏంజెలెస్ ఓడరేవు ప్రాంతమైన శాన్ పెడ్రోలో బాల్యమిత్రులు. పిల్లలు వీధుల వెంట తిరగకుండా ఇంటిపట్టున ఉంటారని వారిచేత సంగీతం మొదలుపెట్టించినదీ, వాట్‌ను బేస్ వాయించమన్నదీ బూన్ తల్లిగారే. డ్రమ్స్ వాయించే జార్జ్ హర్లీతో కలిసి వీరు ముందు ద రియాక్షనరీస్ అనే బృందంలో ఉండేవారు. 1980లో మొదలైన మినిట్‌మెన్‌లో చివరిదాకా నిలిచినది ఈ ముగ్గురే.

అదే ఏడాది, బ్లాక్ ఫ్లాగ్ అనే పంక్ బృందపు గిటారిస్టు గ్రెగ్ గిన్ నడిపిన ఎస్ఎస్‌టీ రికార్డుల సంస్థ వీరి "పారనాయిడ్ టైమ్"ను విడుదల చేసింది. అందులోని ఏడు పాటలూ కలిపి ఏడు నిమిషాలు కూడా ఉండవు. 1981లో వచ్చిన "ద పంచ్ లైన్"లో 18 పాటలు సుమారు పావుగంటలో ముగుస్తాయి. ఇంగ్లండ్ బృందం వైర్ నుంచి తాము ఈ పద్ధతి నేర్చుకున్నామని వాట్ స్వయంగా చెప్పారు: పల్లవిని మళ్ళీ మళ్ళీ పాడరు, ఆలోచన పూర్తికాగానే పాటను ఆపేస్తారు. కనుక "ద పంచ్ లైన్"తో మొదలుపెట్టమని నా సలహా.

రెండవ జవాబు:

పై మిత్రులు చెప్పిన చరిత్రతో ఏకీభవిస్తున్నాను గాని, సలహాతో కాదు. "ద పంచ్ లైన్" కంటే 1983 నాటి "వాట్ మేక్స్ ఎ మ్యాన్ స్టార్ట్ ఫైర్స్?" మంచి ప్రవేశద్వారం అని నా అభిప్రాయం, ఎందుకంటే ముగ్గురి వాయిద్యాలూ అందులో విడివిడిగా స్పష్టంగా వినిపిస్తాయి. బూన్ తన గిటారులో మంద్రధ్వనిని తగ్గించి పదునైన పైస్థాయి శబ్దాన్నే ఉంచేవారు. గిటారు మిగతా వాయిద్యాలపై పెత్తనం చేయకూడదని, బేస్‌కూ డ్రమ్స్‌కూ సమానమైన చోటు దక్కాలని ఆయన కోరుకున్నారు. ఆయనకు అది రాజకీయ విశ్వాసంతో ముడిపడిన విషయం. శ్రామికుల గురించి, మధ్య అమెరికాలో తమ ప్రభుత్వం చేస్తున్న జోక్యం గురించి పాడిన మనిషి తన బృందంలోనూ సమానత్వం ఉండాలనుకున్నారు.

పొదుపు కూడా అలాంటిదే. అద్దె తక్కువగా ఉంటుందని అర్ధరాత్రి దాటాక స్టూడియోకు వెళ్ళేవారు, వాడేసిన టేపు మీదే రికార్డు చేసేవారు, కూర్పు ఖర్చు మిగులుతుందని ఆల్బమ్‌లో ఉండవలసిన వరుసలోనే పాటలు వాయించేవారు, కచేరీలకు సామాను తామే మోసుకునేవారు. ఎవరి అనుమతీ అక్కరలేకుండా ఏ సంగీతాన్నైనా చేయగలిగిన ఈ స్వేచ్ఛ వల్లనే ఫంక్, జాజ్ వాయించినా వీరు నాకు సంపూర్ణంగా పంక్ బృందమే.

మూడవ జవాబు:

"డబుల్ నికెల్స్" కొరుకుడుపడకపోవడానికి వినే పద్ధతి కారణం కావచ్చు. 1983 చివరలో ఒక ఆల్బమ్‌కు సరిపడా పాటలు రికార్డు చేశాక, తమ రికార్డుల సంస్థలోనే ఉన్న మిన్నెసోటా బృందం హస్కర్ డూ రెండు రికార్డుల ఆల్బమ్ చేస్తోందని తెలిసి, వీరు మరిన్ని పాటలు రాసి 1984లో 45 పాటలతో దీనిని తెచ్చారు. ఖర్చు సుమారు 1,100 డాలర్లు మాత్రమే. ఆ రెండు రికార్డుల నాలుగు వైపుల్లో మూడింటికి ఒక్కొక్కరు పాటలు ఎంచుకున్నారు, మిగిలినవి నాలుగో వైపుకు వెళ్ళాయి. సీడీలో కొన్ని పాటలు వదిలేశారు కనుక, వీలైతే పాత ఎల్‌పీ వరుసను వెతికి, రోజుకు ఒక వైపు చొప్పున వినండి.

ఆ తర్వాత 1985లో, పాటల నిడివి పెంచి ట్రంపెట్ కూడా చేర్చిన "ప్రాజెక్ట్: మెర్ష్" వచ్చింది; అది నాకు అంతగా నచ్చలేదు. అదే ఏడాది డిసెంబరులో "త్రీ-వే టై (ఫర్ లాస్ట్)" వచ్చింది. ఆ నెల 22న అరిజోనాలో జరిగిన వ్యాను ప్రమాదంలో బూన్ 27 ఏళ్ళకే మరణించడంతో మినిట్‌మెన్ ఆగిపోయింది. బృందం ఇంకా ఎదుగుతున్న సమయంలో అలా జరగడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. సంగీతమే మానేద్దామనుకున్న వాట్, హర్లీలను ఒహాయో నుంచి వచ్చిన ఎడ్ క్రాఫర్డ్ అనే అభిమాని మళ్ళీ వాయించడానికి ఒప్పించాడు. ఆ ముగ్గురూ కలిసి ఫైర్‌హోస్ పేరుతో 1994 వరకు కొనసాగారు.