గ్రాఫిక్స్ డ్రైవర్లలో క్యాష్ ఫ్లష్ ఎందుకు ఉందో కోడ్‌లోనే రాయడం తప్పనిసరి చేయాలా?

మూలకోడు:
లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను నడిపే ఐ915 డ్రైవర్‌లో క్యాష్‌కు సంబంధించిన అంశాలకు 2021లో సుదీర్ఘమైన వివరణ చేర్చారు. అటువంటి వివరణ ప్రతి గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనూ తప్పనిసరి కావాలని నా వాదన. కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం, ఒక పేజీని (మెమరీలో ఒక ముక్కను) సున్నాలతో నింపిన తరువాతే ప్రోగ్రాముకు ఇస్తుంది. కానీ ఆ సున్నాలు ఇంకా ప్రాసెసర్ క్యాష్‌లోనే (ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకునే వేగవంతమైన చిన్న మెమరీలోనే) ఉండిపోతే, క్యాష్‌తో సంబంధం లేకుండా నేరుగా ర్యామ్‌ను చదివే జీపీయూకు, అంటే గ్రాఫిక్స్ చిప్‌కు, ఆ పేజీని అంతకుముందు వాడిన మరో ప్రోగ్రాము సమాచారం కనిపిస్తుంది. క్యాష్‌లో ఉన్నదాన్ని ర్యామ్‌లోకి పంపడమే ఫ్లష్. అందువల్ల ఈ ఫ్లష్‌ను తెరపై బొమ్మ చెదరకుండా ఉండడానికి పెట్టిన జాగ్రత్తగా మాత్రమే చూడకూడదు. ఇది భద్రతకు సంబంధించిన ఏర్పాటు.

కమిట్‌చరిత్ర:
కారణాలు రాయవలసిన చోటు కమిట్ సందేశం, అంటే ప్రతి మార్పుతోపాటు చరిత్రలో నమోదయ్యే వివరణ. కోడ్ మారుతుంది, దాని పక్కన రాసిన కామెంట్ మారదు. రెండేళ్లకు అదే అబద్ధమై కూర్చుంటుంది.

పాతల్యాప్‌టాప్:
భద్రత పేరుతో వచ్చిన ఒక అప్‌డేట్ తరువాత నా యంత్రంలో వీడియో కూడా సాఫీగా ఆడడం లేదు. ముందు ఈ ఫ్లష్‌ల ఖర్చు ఎంతో చెప్పండి. 4096 బైట్ల పేజీకి, 64 బైట్ల చొప్పున, 64 సార్లు సీఎల్‌ఫ్లష్ అనే ప్రాసెసర్ ఆదేశాన్ని నడపాలి కదా?

మూలకోడు:
మీ లెక్క సరైనదే. అయితే మనం మాట్లాడుతున్న ఫ్లష్ పేజీలను తొలిసారి తెచ్చుకున్నప్పుడు జరిగేది, ప్రతి ఫ్రేముకూ జరిగేది కాదు. మీ యంత్రం ఎందుకు మందగించిందో ఇక్కడ తేల్చలేము.

పాతల్యాప్‌టాప్:
64 సార్లు అని ఒప్పుకున్నారు. నాకు అది చాలు.

కమిట్‌చరిత్ర:
ఏ వరుసను ఏ కమిట్ మార్చిందో చూపే గిట్ బ్లేమ్ అనే ఆదేశం ఉండగా ఇంత చర్చ అవసరమా?

మూలకోడు:
2019లో ఐ915లోని మెమరీ నిర్వహణ ఫైళ్లను వేరే డైరెక్టరీకి తరలించారు. అటువంటి తరలింపులను దాటి వెనక్కి వెళ్లి అసలు కారణాన్ని వెతికి పట్టుకునే ఓపిక ప్యాచ్ (కోడ్‌లో మార్పు) రాసే ప్రతివారికీ ఉండదు. నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో, పక్కన ఒక్క కామెంటు కూడా లేని ఫ్లష్‌ను ఒక సహోద్యోగి అనవసరమని తీసివేశారు. పరీక్షలన్నీ నెగ్గాయి, ఎందుకంటే పాత సమాచారం బయటపడుతోందా అని చూసే పరీక్ష ఒక్కటీ లేదు. ఆ తప్పు దొరికేసరికి అది వినియోగదారుల చేతుల్లోకి వెళ్లిపోయింది.

రాత్రిపాళీ:
ఇంత విడమరిచి రాస్తే దాడి చేసేవారికి దారి చూపినట్లు కాదా?

మూలకోడు:
వారికి ఆ దారి ముందే తెలుసునండీ. సీవీఈ-2019-14615 అనే సంఖ్యతో నమోదైన భద్రతా లోపంలో ఇంటెల్ గ్రాఫిక్స్ నుంచి, 2024 జనవరిలో వెల్లడైన లెఫ్టోవర్‌లోకల్స్ అనే లోపంలో ఆపిల్, ఏఎండీ, క్వాల్‌కమ్ జీపీయూల నుంచి పాత సమాచారం బయటపడింది. ఇవి ప్రాసెసర్ క్యాష్ లోపాలు కావు, కానీ ఒకరు వదిలివెళ్లిన సమాచారం తుడవకుండా మరొకరికి అందడమనే జబ్బు ఒక్కటే. తెలియనిదల్లా కొత్తగా ప్యాచ్ రాయడానికి వచ్చినవారికే.

కమిట్‌చరిత్ర:
మీరు ఒక్క డ్రైవర్‌నైనా పదేళ్లు మోసి ఉంటే ఇలా మాట్లాడరు. రాసేవారు రాసి వెళ్లిపోతారు. ఆ తరువాత ప్రతి చిప్‌కూ ఆ వాక్యం నిజమా కాదా అని చూసుకుంటూ కూర్చోవలసింది మేము.

మూలకోడు:
అనుభవం పేరు చెప్పి నోరు మూయించకండి. ఇంటెల్ వారి ఎల్క్‌హార్ట్ లేక్, జాస్పర్ లేక్ చిప్‌ల సంగతి తీసుకోండి. కెర్నల్ ఒక బఫర్‌ను (జీపీయూ వాడే మెమరీని) క్యాష్‌తో పొందిక ఉన్నదిగా, అంటే జీపీయూకు కూడా క్యాష్‌లోని తాజా సమాచారమే కనిపిస్తుందని, భావించి ఫ్లష్ మానేస్తుంది. కానీ అక్కడ ఎల్‌ఎల్‌సీని (చివరి అంచె క్యాష్‌ను) దాటవేసే అమరికను ప్రోగ్రామే స్వయంగా ఎంచుకోగలదు. అందుకే వాటిపై ఫ్లష్ తప్పదు. ప్రోగ్రాము తన సమాచారాన్ని తానే పాడుచేసుకుంటే దాని ఖర్మ, కానీ సున్నాలతో నింపిన మెమరీనే ఇస్తామన్న హామీ మాత్రం తప్పకూడదని ఆ వివరణ సారాంశం. ఆ కామెంట్ లేకపోతే, ఎల్‌ఎల్‌సీ ఉన్న చిప్‌కు ఫ్లష్ దండగని ఎవరైనా అనుకోరా?

కమిట్‌చరిత్ర:
హామీ అన్నారు చూడండి, నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. కోడ్‌లో ఉన్నది ఒక చిప్‌కు మేము ఎంచుకున్న పరిష్కారం మాత్రమే. దానిని భద్రతా హామీగా రాసిన క్షణం నుంచి, హార్డ్‌వేర్ తయారీదారు పత్రాలు బయటపెట్టని చిప్‌కు కూడా మేము పూచీపడినట్లవుతుంది. తయారీదారు దాచినదానికి నేను సంతకం పెట్టను.

రాత్రిపాళీ:
అంటే ఇంతసేపూ కామెంట్ ఎక్కడ ఉండాలన్నది కాదన్నమాట, పూచీ ఎవరిదన్నది.

మూలకోడు:
ఆ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది. అయినా పేజీని సున్నాలతో నింపి ఇస్తున్నప్పుడే ఆ పూచీ మన మీద పడింది. రాయకపోవడం వల్ల అది తగ్గదు. పత్రాలు లేని చిప్ అయితే ఆ సంగతే రాసి, పొందిక రుజువయ్యేవరకు ఫ్లష్ తీయరాదని చేర్చండి.

కమిట్‌చరిత్ర:
రుజువు ఎవరు చేయాలో కూడా అందులో ఉండాలి. ఫ్లష్ తీసేవారే చేయాలని రాస్తే ఒప్పుకుంటాను. డ్రైవర్‌ను నిర్వహించేవారి నెత్తిన పెడితే మాత్రం ఒప్పుకోను.