ఫ్యాన్ క్లచ్: పాతదే బిగించాలా, కొత్తది వేయాలా?

ఆకివీడు చేపల బండి:
మాది పది టైర్ల లారీ. ఆకివీడు నుంచి ఐసు పెట్టిన చేపలతో హౌరా వెళ్తుంది. వాటర్ పంపు బేరింగు అరిగి నీరు కారుతుంటే రావులపాలెంలో ఒక షెడ్డులో పెట్టాను. పంపు కొత్తది వేస్తున్నారు. రేడియేటర్ ఫ్యాన్‌ను అవసరమైనప్పుడు ఇంజనుతో కలిపి తిప్పే ఫ్యాన్ క్లచ్ సంగతే తేలడం లేదు. వేసి ఆరేళ్లయింది. మెకానిక్ ‘చేత్తో తిప్పితే బాగానే తిరుగుతోంది, అదే బిగిద్దాం’ అంటున్నారు. మా డ్రైవరు కొత్తది వేస్తేనే బండెక్కుతానంటున్నాడు. వేసవిలో టోల్‌గేటు దగ్గర వరసలో ఆగినప్పుడల్లా ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోయేదని, బండి కదిలాక దిగేదని చెబుతున్నాడు. దారిలో బండి ఆగితే ఐసు కరిగి సరుకంతా పోతుంది. మీరేమంటారు?

తణుకు మెకానిక్:
ఆరేళ్లయిందని క్లచ్ పారేయకండి. అది నడిచేది లోపలున్న సిలికాన్ ఆయిల్ మీద. ముందు భాగంలో చుట్టలా ఒక స్ప్రింగు కనిపిస్తుంది చూడండి. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే అది మెలి తిరిగి లోపలి వాల్వును తెరుస్తుంది. ఆయిల్ గాడుల మధ్యకు చేరి ఫ్యాన్‌ను పట్టుకుంటుంది. గాలి చల్లబడితే వదిలేస్తుంది. అవసరం లేనప్పుడు ఫ్యాన్ ఊరికే లాగకపోవడం వల్ల డీజిలు మిగులుతుంది.

‘క్లచ్ పోయింది’ అంటూ మా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి అసలు రోగం రేడియేటర్‌లోనే ఉంటుంది. రైసు మిల్లులకు తిరిగే బండ్లకు ఊక, చెరువు గట్ల మీద తిరిగే వాటికి మన్ను రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుని గాలి ఆడదు. ఇంకొకటి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్టు చేస్తే ఫ్యాన్ హోరుమంటుంది. ఆయిల్ రాత్రి గాడుల్లోకి దిగి ఉంటుంది, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ హోరు విని క్లచ్ పట్టేసిందనుకుని కొత్తది కొన్నవాళ్లున్నారు. బాగున్న సామాను తీసి పారేస్తుంటే చూడలేను.

అంబాజీపేట కొబ్బరి లోడు:
గురువుగారూ, అడ్డు చెబుతున్నానని ఏమీ అనుకోకండి. పంపు బేరింగు ఎందుకు అరిగిందో ఎవరూ అడగలేదు. నా బండిలో ఫ్యాన్, క్లచ్ రెండూ పంపు షాఫ్టు మీదే కూర్చుంటాయి. క్లచ్ బేరింగు వదులై ఫ్యాన్ ఊగితే ఆ దెబ్బంతా పంపుకే. నేను కొత్త పంపుకు పాత క్లచ్ బిగించాను. నాలుగు నెలలకే మళ్లీ నీరు కారింది. మళ్లీ విప్పడం, మళ్లీ కూలీ, రెండు కిరాయిలు పోవడం. ఆ డబ్బుతో కొత్త క్లచ్ వచ్చేది.

తణుకు మెకానిక్:
మీరన్నది నిజం. పైగా ‘బాగానే తిరుగుతోంది’ అన్న మాటను నేను సరిగా చదవలేదు, తప్పు నాదే. అలా తేలిగ్గా తిరగడమే జబ్బు. ఇంజను చల్లగా ఉన్నా, తేనెలో గరిటె తిప్పినట్టు చేతికి బరువు తగలాలి. విసిరితే ఒకటి రెండు చుట్లలో ఆగాలి.

ఆకివీడు వారూ, మీ డ్రైవరు మాట కూడా కొట్టిపారేయకండి. బండి పరుగులో ఉంటే గాలి దానంతట అదే రేడియేటర్‌లోకి దూసుకొస్తుంది. ఆగితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. అతను చెప్పిన లక్షణం దానికి సరిపోతుంది. స్వయంగా వెళ్లి చూడండి. ఫ్యాన్ రెక్క కొస పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించండి. పావు అంగుళం దాటి కదిలితే వద్దు. క్లచ్ బేరింగు చుట్టూ ఆయిల్ కారిందేమో వేలితో రాసి చూడండి. విప్పిన క్లచ్‌ను ఎలా పెట్టారో కూడా అడగండి.

ఆకివీడు చేపల బండి:
ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చాను. క్లచ్ బల్ల కింద పన్నెండు రోజులుగా బోర్లా పడి ఉంది. బేరింగు చుట్టూ దుమ్ము తడిసి నల్లటి ముద్దలా పేరుకుంది. గుడ్డతో తుడిచి విసిరితే ఫ్యాన్ తొమ్మిది చుట్లు తిరిగింది.

తణుకు మెకానిక్:
ఇక చూడాల్సింది లేదు, మార్చండి. దాన్ని బండి మీద ఉన్నట్టే నిలువుగా ఉంచాలి. పడుకోబెడితే ఆయిల్ బయటికి కారే ప్రమాదం ఉంది. అయితే ఆ ముద్ద పన్నెండు రోజుల్లో పట్టేది కాదు, సీలు చాలాకాలంగా కారుతోంది. కొత్తదాన్నయినా నిలువుగా పెట్టమని షెడ్డులో చెప్పండి.

అంబాజీపేట కొబ్బరి లోడు:
కొందరు పాతదాంట్లోనే ఆయిల్ పోసి ఇస్తామంటారు, దాని సంగతేమిటి?

తణుకు మెకానిక్:
సీలు బాగుండి ఆయిల్ తగ్గిన వాటికి పోసి నడిపించాను. కారుతున్నదాంట్లో ఎంత పోసినా నిలవదు. చేపల బండికి ఆ ప్రయోగం వద్దు.

ఆకివీడు చేపల బండి:
కొత్తదానికి డబ్బు కట్టాను, శనివారం బిగిస్తారు. మీరు చెప్పారని రేడియేటర్ కూడా దింపించి వెనక నుంచి నీళ్లు కొట్టించాను. దోసెడు ఊక రాలింది. డ్రైవరుకు ఫోను చేసి రెండు సంగతులూ చెప్పాను. ఆదివారం రాత్రి లోడుకు వస్తున్నాడు.